మర్యాదకు ఉంచిన పాత పేజీ

పాతదాన్ని తీసేయడానికి వినుతకు చేతులు రాలేదు.

మిగతా పనంతా పద్ధతిగానే చేసింది. శిడ్లఘట్ట నుంచి చింతామణి పోయే దారిలో ఉన్న ఆ చాకీ కేంద్రానికి ఆదివారాలు రైతులు రారు. రేష్మ, అంటే పట్టుపురుగు, గుడ్లను పొదిగించి, పిల్ల పురుగులకు లేత మల్బరీ ఆకు తరిగి వేసి, రెండో జ్వరం దాటాక రైతుల చేతికి ఇచ్చే చోటది. పురుగు చర్మం మార్చుకునే ముందు మేత మానేసి పడుకుంటుంది, దాన్నే ఇక్కడ జ్వరమంటారు. ఏ రైతుకు ఏ తేదీన పురుగులు ఇవ్వాలో అదంతా ఆఫీసులో మూల గదిలో ఉన్న సర్వర్‌లో ఉంటుంది. తేదీ తప్పిందంటే ఒకచోట కోతకొచ్చిన ఆకు ముదిరిపోతుంది, ఇంకోచోట ఆకు లేక పురుగు ఎండిపోతుంది. ఆ తేదీల పట్టికలను బ్రౌజర్‌లో తెరిచి చూసుకోవడానికి అడ్మిన్ పేజీ ఒకటుంది. దాని వర్షన్ పాతబడిందని, దాంట్లో లోపాలు బయటపడ్డాయని, వెంటనే మార్చుకోమని తనిఖీ చేసిన కంపెనీవాళ్లు మెయిల్ పెట్టారు. మళ్లీ పెట్టారు. రెండోది కేంద్రం కమిటీ అధ్యక్షుడు వెంకటరాయప్పకు కూడా పోయింది కాబట్టి పని కదిలింది.

కేంద్రంలో కంప్యూటర్ల పని చూసే వినుత ముందు డేటాబేస్ మొత్తాన్ని ఒక ఫైలుగా దించుకుంది. దాన్ని తెరిచి, లోపల నిజంగా ఏమైనా ఉందా అని కింద దాకా చూసింది. బ్యాకప్ తీశామని గుండెమీద చేయి వేసుకుని నిద్రపోయి, అవసరం పడ్డరోజు ఖాళీ ఫైలు చూసుకుని ఏడ్చినవాళ్లు ఆమెకు తెలుసు. పెన్‌డ్రైవ్‌లోకి ఇంకో కాపీ తీసింది. సెట్టింగుల ఫైలును పక్కన భద్రం చేసింది. కొత్త వర్షన్‌ను దించి, తయారుచేసినవాళ్లు ఇచ్చిన గుర్తుతో సరిపోయిందో లేదో చూసి, వేరే ఫోల్డరులో విప్పింది. సెట్టింగులు అందులోకి తెచ్చి, రహస్య తాళం కొత్తది రాసి, సెటప్ ఫోల్డరును తుడిచేసింది. లాగిన్ అయి ఒక్కొక్క పట్టికా తెరిచి, రైతుల పేర్లలో కన్నడ అక్షరాలు ప్రశ్న గుర్తులుగా మారలేదు కదా అని చూసుకుంది. అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఇక మిగిలింది పాత వర్షన్ ఉన్న ఫోల్డరును తీసేయడం. ఒక్క ఆదేశం కొడితే అయిపోతుంది.

అప్పుడు వచ్చాడు రామచంద్రప్ప. ఆఫీసు మేనేజరు. కేంద్రం రేకుల షెడ్డుగా ఉన్నప్పటినుంచీ ఉన్నాడు, ఆదివారమైనా ఒకసారి వచ్చి తొంగిచూడకపోతే ఆయనకు అన్నం సయించదు. బెంగళూరు కంపెనీవాళ్లు చేసిచ్చిన బుకింగు ఫారంలో ఒకసారి ఇచ్చిన తేదీని మార్చే వీలు లేదు. "ఆకు ఇంకా రాలేదప్పా, ఒక వారం ముందుకు తొయ్యి" అని రైతు ఫోన్ చేస్తే రామచంద్రప్ప అడ్మిన్ పేజీ తెరిచి, పేరు వెతికి, పక్కనున్న పెన్సిలు గుర్తు నొక్కి తేదీ మార్చేవాడు. పెదాలు కదుపుతూ, బాణం గుర్తును బరువు మోసినట్టు మెల్లగా జరుపుతూ ఆ పని చేసేవాడు.

"ముగిసిందా పాపా?"

"ముగిసింది సార్. చూడండి, కొత్తది ఇట్ల ఉండాది."

రామచంద్రప్ప చేతులు వెనక్కి కట్టుకుని తెర మీదికి వంగాడు. ఎడమవైపు వరుస మారింది. పెన్సిలు గుర్తు ఉండేచోట లేదు. ఆయన కళ్లు దానికోసం కాసేపు తిరిగాయి. కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు.

"బాగుండాది" అన్నాడు.

ఆ మాటలో వినుతకు ఇంకేదో వినిపించింది. ఈ వయసులో ఈయన మళ్లీ మొదటినుంచి నేర్చుకోవాలా అని జాలి వేసింది. అరగంట పక్కన కూర్చుంటే నేర్పవచ్చు. కాని చిక్కబళ్లాపురం బస్సుకు వేళవుతోంది, పైగా పెద్దాయనకు నేర్పడమంటే అదొక ఇబ్బంది. ఒకటికి రెండుసార్లు చెప్పాలి, గొంతు హెచ్చకుండా చూసుకోవాలి. మొగమాటం ఒకవైపు, బద్ధకం ఒకవైపు. రెండూ కలిస్తే దానికి మర్యాద అని పేరు పెట్టుకోవడం ఎంతసేపు? పాత ఫోల్డరు పేరు మార్చి, అక్కడే ఉంచేసింది.

"సార్, మీకు అలవాటైన పాతది కూడా ఉంచినాను. ఇదో, ఈ లింకు నొక్కితే వస్తాది. మీ లాగిన్ అదే, పాస్‌వర్డ్ అదే."

రామచంద్రప్ప ఆమెవైపు ఒక క్షణం చూశాడు. "నాకోసం ఎందుకు పాపా శ్రమ" అన్నాడు.

"దీంట్లో శ్రమ ఏముండాది సార్!"

పెద్దవాళ్లను గౌరవించామన్న తృప్తి చాలా చౌకగా దొరుకుతుంది. ఆ సాయంత్రం బస్సులో కిటికీ పక్కన వినుతకు అది పుష్కలంగా దొరికింది.

గురువారం పొద్దున ఆమె బ్యాగు భుజం మీదనుంచి దించకుండానే తెర చూసింది. పట్టికలు లేవు. ఒక్కటీ లేదు. వాటి చోట కొత్త పట్టిక ఒకటి, అందులో ఇంగ్లీషులో నాలుగు ముక్కలు. మీ డేటా మా దగ్గరుంది, కావాలంటే ఫలానా చోటికి డబ్బు పంపండి. ఇలాంటి దొంగలు డేటాను దాచిపెట్టుకోరనీ, తుడిచేసి ఊరికే బెదిరిస్తారనీ ఆమెకు తెలుసు. సర్వర్ రాసిపెట్టుకున్న రాకపోకల వివరాలు తీసింది. వెతకాల్సిన పని కూడా లేకపోయింది. దొంగ పాత పేజీలోని లోపాన్ని వాడుకుని, అందులోనుంచే, రామచంద్రప్ప లాగిన్‌తో వచ్చాడు. కేంద్రం పేరు, దాని వెనక ఒకటి రెండు మూడు. గుర్తుపెట్టుకోవడానికి సులువుగా ఉంటుందని ఆ పాస్‌వర్డ్ పెట్టిందీ వినుతే.

ఆమె మొదట చేసిన పని ఆ పాత ఫోల్డరును తీసేయడం. దారి మూయాలి కదా, ఎవరైనా అదే చేస్తారు. కాని తీసేశాక ఒక నిట్టూర్పు వచ్చింది చూడండి, అది దారి మూసినందుకు కాదు. పాత పేజీ అంటూ ఒకటి ఉండేదన్న గుర్తు లేకుండా పోయినందుకు వచ్చింది. ఆ సంగతి ఆమెకు అప్పుడే తెలిసింది, తెలిసీ తెలియనట్టు ఉండిపోయింది.

ఆదివారం తీసిన బ్యాకప్‌ను మళ్లీ ఎక్కించింది. సోమవారం నుంచి రాసిన బుకింగులూ మార్చిన తేదీలూ పోయినట్టే. ఆ తర్వాత బ్యాకప్ తీయలేదు. ఎవరికీ తెలియకుండా మెల్లగా సర్దుకోవచ్చులే అనుకుంది. రోజూ పొద్దున రైతులకు వాటంతట అవే మెసేజీలు పోయే వేళ అయిందని మరిచిపోయింది. సర్వర్ మాత్రం మరిచిపోలేదు. ఆదివారం నాటి పట్టిక చూసుకుని, ఈరోజు వచ్చి పురుగులు తీసుకోండని పాత తేదీలవాళ్లను పిలిచేసింది.

గుడిబండె ఆదెప్ప మెసేజీ చూసుకుని మోటారు సైకిలు మీద పరుగున వచ్చాడు. పురుగులు పెంచే ఇంట్లో కొట్టిన సున్నం ఆరలేదని సోమవారం ఫోన్ చేసి, ఈ గురువారం తేదీని వాయిదా వేయించుకున్నవాడే. పిలిచారు కదా అని వచ్చి తీసుకుపోయాడు. ఆయన వదులుకున్న తేదీని రామచంద్రప్ప అంజనమ్మ అనే ఇంకో రైతుకు ఇచ్చి ఉన్నాడు. బాగేపల్లి వైపునుంచి ఆటో మాట్లాడుకుని, ట్రేలూ తడి గుడ్డలూ వేసుకుని ఆమె వచ్చేసరికి పురుగులూ లేవు, పట్టికలో ఆమె పేరూ లేదు.

"సోమవారం నీకే కదప్పా ఫోన్ చేస్తి! నువ్వే కదా రమ్మంటివి! పొద్దున్నే ఆకు కోసి పెట్టి వచ్చినా. ఆ ఆకును ఇప్పుడు ఏమి చేసుకోవల్ల నేను? నా నెత్తిన పోసుకోవల్లనా?"

"అవునమ్మా, నేనే మార్చినా" అన్నాడు రామచంద్రప్ప. తెర చూశాడు. ఆదెప్ప పేరే ఉంది. మళ్లీ చూశాడు. "మార్చినా కదా" అని తనలో తానే అనుకుంటూ, బల్లమీద చూపుడువేలితో ఒకసారి నొక్కి చూసుకున్నాడు, ఆరోజు నొక్కానా లేదా అన్నట్టు. వినుత ఆ వేలు చూసింది. సార్, మీరు మార్చారు, నా బ్యాకప్ మింగేసింది అని చెప్పడానికి నోరు తెరిచేలోగా వెంకటరాయప్ప ఇద్దరినీ లోపలికి పిలిచాడు.

"ఏమి జరిగె?"

"హ్యాక్ అయింది సార్. ఎవరో లోపలికి వచ్చి అంతా తుడిచేసినారు."

"ఎట్ల వచ్చిరి?"

వినుత రామచంద్రప్పవైపు ఒకసారి చూసింది. ఆ తర్వాత, "రామచంద్రప్ప సార్ లాగిన్ నుంచి" అంది.

ఆ మాటలో అబద్ధమనేది లేదు. అందుకే అంత తేలిగ్గా నోటినుంచి వచ్చింది. ఏ పేజీలోనుంచి వచ్చాడు, ఆ పేజీని ఎవరు ఉంచారు, పాస్‌వర్డ్ ఎవరు పెట్టారు అని అధ్యక్షుడు అడుగుతాడనీ, అడిగితే చెప్పేస్తాననీ ఆమె అనుకుంది. నిజంగానే అనుకుంది. ఆయన అడగలేదు. రామచంద్రప్పవైపు తిరిగాడు.

"ఏమి పాస్‌వర్డ్ పెట్టుకోనుండావు?"

రామచంద్రప్ప బడిపిల్లవాడిలా నిలబడి చెప్పాడు. కేంద్రం పేరు, ఒకటి, రెండు, మూడు.

వెంకటరాయప్ప నవ్వాడు. ఆ నవ్వుకు రామచంద్రప్ప చెవులు ఎర్రబడ్డాయి. ఆయన వినుతవైపు చూశాడు. నువ్వు పెట్టిందే కదా అని నిలదీసే చూపు కాదు, ఇది అంత తప్పా పాపా అని అడిగే చూపు. వినుత బల్లమీది పేపర్‌వెయిట్‌ను చూస్తూ కూర్చుంది.

"నాకు తెలీకుండా జరిగింటాది" అన్నాడు రామచంద్రప్ప.

"తెలీదనే చెప్తాండా నేను కూడా. రేపు ఈ పాపకు అన్నీ ఒప్పజెప్పేయి రామచంద్రప్పా. ఇంక ఇంటి దగ్గర హాయిగా ఉండు. చాలు, చాన్నాళ్లు చేస్తివి."

గోడవారగా నిలబడి ఇదంతా వింటున్న అటెండరు బయటికి పోయి ఏం చెప్పాడో గాని, మధ్యాహ్నానికల్లా రైతులందరికీ తెలిసిపోయింది. ముసలాయన ఏదో నొక్కి కంప్యూటరును పాడుచేశాడట. పురుగులు అందకపోవడానికి కారణం ఆయనేనట.

శుక్రవారం రామచంద్రప్ప రోజూకంటే ముందే వచ్చాడు. ఇస్త్రీ చొక్కా. చేతిలో టిఫిను క్యారియరు సంచి. సోమవారం నుంచి బుక్ చేసుకున్న రైతులందరినీ ఫోన్లలోని మెసేజీలు చూపించడానికి రమ్మని పిలిచారు, పోయిన తేదీలను మళ్లీ రాసుకోవడానికి. హాలు నిండా జనం. వినుత ఒక్కొక్కరి ఫోను చూసి పేరూ తేదీ పైకి చదువుతుంటే, రామచంద్రప్ప సర్వర్ గది గుమ్మం పక్కనున్న కంప్యూటరు ముందు కూర్చుని ఎక్కిస్తున్నాడు. ఆయన్ను దాటిపోతూ ఒకడు ఇంకొకడితో అన్నాడు, "మళ్లీ ఈయన చేతికే ఇచ్చిరే, పూర్తిగా తగలేసేదానికా?" రామచంద్రప్ప విననట్టే ఉన్నాడు. వినుత కూడా విననట్టే ఇంకో పేరు చదివింది.

కాసేపటికి గాని ఆమె ఆయన చేతిని చూడలేదు. బాణం గుర్తు తెరమీద తిన్నగా పోతోంది. ఎడమవైపు కొత్త వరుసలో పట్టిక పేరు, తర్వాత పైన కొత్తగా వచ్చిన చోటు, అక్కడినుంచి పెన్సిలు. ఎక్కడా తడుముకోవడం లేదు. పెదాలు కదపడం లేదు.

"సార్" అంది వినుత. "మీకు కొత్తది వచ్చేసిందే!"

"ఆదివారం నువ్వు బస్సుకు పోయినాక కూర్చొంటి. మొదట్లో ఏమీ అర్థం కాలా. పెన్సిలు యాడ పెట్టిరో వెతికి వెతికి పట్టుకొంటి. ఇప్పుడు ఇదే సులభంగా ఉండాది."

"మరి పాతది?"

"తెరవలా."

"ఒక్కసారి కూడానా?"

"పొద్దుటినుంచి ముద్ద ముట్టకుండా కూర్చొని నువ్వు కొత్తది పెడ్తివి. మళ్లా నేను పోయి పాతదాన్నే తెరిస్తే నీకేమి మర్యాద ఉంటాది పాపా?" అన్నాడు రామచంద్రప్ప, తెరమీదినుంచి చూపు తిప్పకుండానే. తర్వాత గొంతు తగ్గించాడు. "నాకు ఒక్కటే తెలీడం లేదు. నా పేరుతో ఆ దొంగ ఎట్ల వచ్చె? కొత్తదానిలో నేను ఏమన్నా నొక్కకూడనిది నొక్కింటినా? నొక్కింటే చెప్పు, నేనేమీ అనుకోను. ఇంట్లో కూర్చొన్నా అదే గుర్తుకొస్తాంది."

వినుతకు తల కొట్టేసినట్టయింది. ఆయన కోసమని ఆమె ఉంచిన దారిలో ఆయన ఒక్కసారీ నడవలేదు. దొంగ ఒక్కడే నడిచాడు. "మీరు ఏమీ తప్పు నొక్కలేదు సార్" అని మాత్రం అనగలిగింది. చేతిలో ఉన్న ఎవరి ఫోనో వాళ్లకు ఇచ్చేసి, తిన్నగా అధ్యక్షుడి గదిలోకి పోయింది.

నిలబడే చెప్పింది. పాత పేజీని తీసేయమని కొత్త వర్షన్‌తో వచ్చిన సూచనల్లోనే ఉంది, తీయకుండా ఉంచింది తను. పాస్‌వర్డ్ పెట్టింది తను. సార్ ఆ పేజీ తెరవనే లేదు. నిన్న ఇదంతా దాచిపెట్టింది కూడా తనే. చెబుతున్నంతసేపూ వెంకటరాయప్ప ఆమెను ఆపలేదు. అంతా అయ్యాక తలుపు వేసిందా లేదా అని చూసుకున్నాడు.

"బయట ఎవరికన్నా చెప్పినావా?"

"లేదు సార్."

"చెప్పవద్దు. ఎప్పటినుంచో ఆయన్ని పంపించేస్తామని మీటింగులో అనుకొంటానే ఉండాము. పెద్దాయన, మొహాన ఎట్ల చెప్పేదని మొగమాటంతో ఊరికే ఉంటిమి. నిన్న నువ్వు చెప్పిన మాట మాకు అనుకూలమాయె. ఇప్పుడు నువ్వు పోతే ఆ పెట్టెను చూసుకొనేవాళ్లు మాకు యాడ దొరుకుతారు? పో, పని చూసుకో."

తిడితే పడదామని వచ్చింది. ఇలా భుజం తట్టి పంపుతాడని ఆమె అనుకోలేదు. తన పిరికితనం ఎవరికో పనికొచ్చిందని తెలిశాక ఆ గదిలో ఇంకొక్క నిమిషం నిలబడలేకపోయింది.

హాల్లో అంజనమ్మ రామచంద్రప్ప మీదికి లేచి ఉంది. తేదీ మళ్లీ రాయించుకోవడానికి వచ్చి, ఆయన్ను చూసేసరికి నిన్నటి కోపం తిరిగొచ్చినట్టుంది. "రాకపోతే రాదని పక్కకు జరగవల్ల గదప్పా! మా పొట్టమీద కొట్టి నేర్చుకొంటావా నువ్వు?" రామచంద్రప్ప కీబోర్డు మీద రెండు చేతులూ పెట్టుకుని, ఆమె ఆగేదాకా కాచుకుని ఉన్నాడు.

"సార్‌ను అనవద్దండి" అంది వినుత. అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. హాలంతా ఇటు తిరిగింది. "తప్పు నాది. తీసేయాల్సిన పాత పేజీని తీయకుండా నేనే ఉంచినాను. దొంగ దాంట్లోనుంచి వచ్చినాడు. ఆ పాస్‌వర్డ్ కూడా నేను పెట్టిందే. సార్ ఏ తప్పూ చేయలేదు. మీ తేదీని సోమవారమే సరిగ్గా మార్చినారు, పాత బ్యాకప్ ఎక్కించి దాన్ని పోగొట్టింది నేను."

కన్నీళ్లు ఆగలేదు. తర్వాత అంజనమ్మ ముఖం మెత్తబడింది. దగ్గరికి వచ్చి వినుత గడ్డం పట్టుకుంది.

"చూస్తిరా! ఎవరు కన్న బిడ్డో గాని! ముసలాయన చేసిందాన్ని తన నెత్తిన వేసుకొంటాంది."

"లేదమ్మా, నిజంగా నేనే..."

"ఊరుకో తల్లీ. మాకు తెలీదా?"

"చదువుకొన్న బిడ్డ. సంస్కారమంటే అది" అన్నాడెవరో. నిన్న పురుగులు తీసుకుపోయిన ఆదెప్ప, తన వాయిదా తేదీ సంగతి తేల్చుకోవడానికి వచ్చినవాడు, వెనకనుంచి ముందుకు వచ్చాడు. "ఏమప్పా రామచంద్రప్పా, ఈ పాప కాళ్లు కడిగి నెత్తిన చల్లుకోవల్ల నువ్వు!" కొందరు నవ్వారు. వినుత కాదంటోంది. కాదన్నకొద్దీ వాళ్లు తలలూపుతున్నారు. ఏ పేజీ, ఏ ఫోల్డరు అని ఆమె వివరించబోతే, అదంతా మనకెందుకులేమ్మా, నీ మనసు మంచిదని అర్థమైంది చాలు అన్నారు.

రామచంద్రప్ప మాత్రం ఆమె చెప్పిన ప్రతి మాటా విన్నాడు. ఆ హాల్లో నమ్మింది ఆయన ఒక్కడే. తెరమీద సగంలో ఉన్న అంజనమ్మ పేరు పూర్తిచేశాడు. తేదీ వేశాడు. సేవ్ అయిందో లేదో మళ్లీ తెరిచి చూసుకున్నాడు. లాగౌట్ చేసి, టిఫిను సంచి తీసుకుని లేచాడు.

వినుత ఆయన వెనకే వాకిట్లోకి వచ్చింది. ఆయన సంచిని స్కూటరు కొక్కేనికి తగిలించి, జేబులో తాళంచెవి వెతుక్కుంటున్నాడు.

"సార్, వాళ్లు నమ్మడం లేదు."

"నిన్న నువ్వు చెప్తే నమ్మిరి కదా" అన్నాడు.

కోపంగా అనలేదు. తాళంచెవి దొరికాక స్కూటరును స్టాండు మీదినుంచి దించి, ఒక క్షణం ఆగాడు.

"నాకు రాదనుకొంటివి కదా. అడిగింటే చెప్పిండును, నేర్పించు పాపా, కూర్చొంటానని."

స్కూటరు గేటు దాటి చింతామణి రోడ్డెక్కింది. వినుత వాకిట్లోనే నిలబడింది. అందరి ముందూ చెప్పేసినా బరువేమీ దిగలేదు. ఇప్పుడు ఆయన చేయని తప్పుకు తోడు, తనకు లేని మంచితనం కూడా ఆయన మీదే పడింది. మళ్లీ లోపలికి పోవడానికి ముఖం చెల్లలేదు. కాని లోపల జనం కాచుకుని ఉన్నారు, పేర్లు ఎక్కించాల్సినవి ఇంకా ఉన్నాయి, ఆ పని చేసేవాళ్లు ఇక ఆమె తప్ప ఎవరూ లేరు.

ఆమె రాగానే మాటలు తగ్గాయి. ఎవరో టీ తెప్పించి బల్లమీద పెట్టారు. రామచంద్రప్ప లేచిపోయిన కుర్చీని అంజనమ్మ తన కొంగుతో తుడిచి, కంప్యూటరు ముందుకు జరిపింది.

"అట్ల నిలబడే ఉండావే? కూర్చో తల్లీ. ముందు టీ తాగు."

అందరూ ప్రేమగా చూస్తున్నారు. వినుత ఆ కుర్చీలో కూర్చుంది.